తాతయ్య చేయని యుద్ధం

మా తాతయ్య ఇరవై రెండేళ్ళు సైన్యంలో పనిచేశారు. శిక్షణలో తప్ప ఎప్పుడూ తుపాకీ పేల్చలేదు. ఆయన వంటవాడు. సైన్యంలో వంటశాలని లంగర్ అంటారు, అక్కడ వండేవాణ్ణి లాంగ్రీ అంటారు. "మిలటరీలో మీరేం చేసేవారండీ?" అని ఎవరడిగినా ఆయన ఆ మాటే చెప్పి, వెంటనే దాని అర్థం కూడా చెప్పేవారు. ఆ మాట చెప్పడానికి ఆయన ఏనాడూ వెనకాడలేదు. వెనకాడింది నేను. దాని ఫలితం మాత్రం ఆయన అనుభవించారు.

అమ్మమ్మ పోయిన ఏడాది ఆయన గుంటూరు వైపు నుంచి మియాపూర్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చేశారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. అమ్మ ఆయనకి ఒక్కతే కూతురు. నాన్న బ్యాంకులో, అమ్మ ప్రభుత్వ ఆఫీసులో పనిచేసేవారు. వచ్చిన మర్నాడే తాతయ్య వంటిల్లు తన చేతిలోకి తీసుకున్నారు. అమ్మ మొహమాటపడితే, "నువ్వెళ్ళి బస్సు పట్టుకో, ఇది నా డ్యూటీ" అన్నారు.

నలుగురికి వండడం ఆయనకి చివరిదాకా చేతకాలేదు. వందమందికి ఉప్పు ఎంత వేయాలో చెయ్యి చెప్పేదట గాని, నలుగురికి ఎంతో తెలిసేది కాదు. పప్పు వండినా, రాజ్మా వండినా మా అంతస్తులో మిగతా మూడిళ్ళకీ సరిపోయేంత అయ్యేది. ఎదురింట్లో ఉండే నర్సు ఆంటీ డ్యూటీ దిగి వచ్చేసరికి వాళ్ళ తలుపు గొళ్ళేనికి స్టీలు క్యారేజీ తగిలించి ఉండేది. ఆవిడ ఆదివారం చర్చి నుంచి వచ్చాక గిన్నెలు తోమి, ఖాళీగా ఇవ్వడం ఇష్టంలేక అందులో కేకు ముక్కో, నాలుగు జామకాయలో పెట్టి పంపేవారు. బడిలో నా లంచ్ బాక్స్ మూత తీయగానే పక్క బెంచీల వాళ్ళు వచ్చి చేరేవారు. ఆలూ పరాఠా మడతల మధ్య వెన్న ఇంకా కరగకుండా ఉండేలా ఎలా కట్టేవారో నాకిప్పటికీ తెలియదు.

ఆయన కుడిచేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చ ఉండేది. కొండల మీద మంచులో వంట చేస్తుండగా కిరోసిన్ స్టవ్ పేలిందట. చర్మం ముడతపడి, అక్కడక్కడ గులాబీ రంగులో మెరిసేది. చిన్నప్పుడు నేను దాని మీద వేలితో గీతలు గీసేదాన్ని.

ఆరో తరగతిలో, ఆగస్టు పదిహేనుకి ముందు, మా టీచర్ "మీ ఇళ్ళల్లో సైన్యంలో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. నేను చెయ్యెత్తాను. క్లాసు మొత్తంలో నాది ఒక్కటే చెయ్యి. "ఏం చేసేవారు?" అంది. వంట అనబోయి ఆగిపోయాను. అందరూ నా వైపు చూస్తున్నారు. ఆ చూపు నాకు బాగుంది. ఇంకాసేపు అలాగే చూస్తే బాగుండుననిపించింది.

"యుద్ధం చేశారు టీచర్. చేతి మీద బాంబు పడింది" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ వారంలోనే పక్క బ్లాకులో ఉండే నా స్నేహితురాలు ఆ చెయ్యి చూడటానికి మా ఇంటికి వచ్చింది. తాతయ్య పీట మీద పరాఠాలు ఒత్తుతున్నారు. అది ఆయన ముందు కూర్చుని, "తాతయ్యా, బాంబు పడినప్పుడు బాగా నొప్పి పుట్టిందా?" అని అడిగింది. ఆయన చెయ్యి ఆగింది. తలెత్తి నా వైపు చూశారు. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాను.

"కాలితే నొప్పి పుట్టదా నాన్నా" అన్నారు ఆయన దానితో. "ఇదిగో, వేడిగా ఉంది, పరాఠా తిను."

అది వెళ్ళిపోయాక నన్ను పిలిచారు. కోపం లేదు. "వంట చేసేవాణ్ణని చెప్తే ఏమవుద్ది తల్లీ?" అన్నారు.

"నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. మొదట్లో నన్ను చూసి నవ్వినోళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళే మళ్ళీ పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళు. ఈసారెవరన్నా అడిగితే నిజం చెప్పు. నేను చెయ్యనిది నాకొద్దు."

సరేనన్నాను. తర్వాత ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

యుద్ధం గురించి ఆయన నాకు ఒక్కసారే చెప్పారు. నేను ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాను. బాల్కనీలో ఇద్దరం కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాం. ఉన్నట్టుండి మొదలుపెట్టారు. యుద్ధం వచ్చినప్పుడు వాళ్ళ లంగర్ వెనక ఎక్కడో ఉందట. ముందుకి వెళ్ళేవాళ్ళకి పూరీలు, బంగాళాదుంప కూర కాగితంలో చుట్టి ఇచ్చారట. తలకి ఆరు పూరీలు. "నాకు యుద్ధం ఎట్టా జరిగిందో తెలీదమ్మా. నేను చూళ్ళేదు. వాళ్ళు తిరిగొచ్చే రోజున అందరికీ అన్నం వండాం. అన్నం మిగిలింది. అప్పుడు తెలిసింది." అంతే చెప్పి, ఒలిచిన గింజలు గిన్నెలో పోసి లోపలికి వెళ్ళారు.

అంత పెద్ద మాట విని కూడా, ఇది నలుగురికి చెప్పుకునే కథ కాదులే అనుకున్నాను నేను. అప్పటి నా తెలివి అంతే.

చదువయ్యాక హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది. తొమ్మిదేళ్ళు ఒకే కంపెనీలో పనిచేశాను. ఒక ఏడాది ఆగస్టులో, ఉద్యోగుల కుటుంబాల్లో ఉన్న మాజీ సైనికులని పిలిచి సన్మానం చేద్దామని మా హెచ్.ఆర్. వాళ్ళు అనుకున్నారు. ఆ పని చూసే అమ్మాయి నా సీటు దగ్గరికి వచ్చింది.

"అక్కా, మీ గ్రాండ్‌ఫాదర్ ఆర్మీ అని ఒకసారి లంచ్‌లో అన్నారు కదా? ఒక ఫొటో, నాలుగు లైన్ల ప్రొఫైల్ పంపరా ప్లీజ్. అందరికీ స్టాండీలు చేయిస్తున్నాం. ఏ వార్‌లో ఫైట్ చేశారో అది మాత్రం మర్చిపోకండి."

ఇంకా ఎవరెవరు వస్తున్నారని అడిగాను. ఒకరి నాన్న కల్నల్. ఇంకొకరి మేనమామ యుద్ధ విమానాలు నడిపారు.

మెయిల్ తెరిచి, ముందు నిజమే రాశాను. వంట విభాగంలో ఇరవై రెండేళ్ళ సేవ అని. చదువుకుంటే చిన్నదిగా కనబడింది. చెరిపేశాను. ఎత్తైన సరిహద్దు కొండల్లో శత్రువుకి ఎదురు నిలిచి పోరాడిన వీరుడు అనీ, చేతికి తగిలిన గాయంతోనే విధులు కొనసాగించారనీ ఇంగ్లీషులో రాసి పంపాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. అది రాయకపోతే నాకు పోయేదేమీ లేదు. ఆ నాలుగు వాక్యాలు నేనే, నా చేత్తో, తీరిగ్గా కూర్చుని రాశాను.

తాతయ్యకి సన్మానం అని మాత్రమే చెప్పాను. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా సంతోషపడ్డారు. అమ్మ ఆయన నీలం కోటు ఇస్త్రీ చేయించింది. సర్వీసు పతకాలు మూడు ఉన్నాయి. ఏళ్ళ తరబడి పనిచేసినందుకు, మంచు కొండల్లో ఉన్నందుకు అందరితోపాటు ఆయనకీ ఇచ్చినవి. వాటిని పళ్ళపొడితో రుద్ది మెరిపించారు. అమ్మకి ఆఫీసులో సెలవు దొరక్క, మేమిద్దరమే క్యాబ్‌లో బయల్దేరాం. కొండాపూర్ ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా ఆయన అద్దంలోంచి మేడల అంతస్తులు లెక్కపెట్టారు.

మా ఆఫీసు లాబీలో అడుగుపెట్టగానే ఎదురుగా తాతయ్య నిలువెత్తు బొమ్మ. యూనిఫాంలో ఉన్న పాత ఫొటోని పెద్దది చేశారు. పక్కన నేను రాసిన మాటలు. నేను ఆయన మెడలో విజిటర్ ట్యాగ్ వేస్తున్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ బొమ్మ ముందు నిలబడ్డారు. సైన్యంలో ఉండగా ఇంగ్లీషు పరీక్ష ఒకటి పాసయ్యారు. నెమ్మదిగా, పెదాలు కదుపుతూ, ఒక్కో మాటా చదివారు. అది చదవడానికి ఆయనకి చాలా సేపు పట్టింది. అంతసేపూ నేను పక్కనే నిలబడ్డాను.

"ఇది ఎవరు రాశారు తల్లీ?" అన్నారు.

"ఆఫీసువాళ్ళే రాసుకున్నారు తాతయ్యా. వాళ్ళకి తెలీదు కదా."

"పాపం, తెలియక రాసి ఉంటారు. చెప్తే మారుస్తారేమో, అడుగు."

"ఇప్పుడెలా కుదురుతుంది? అందరూ వచ్చి కూర్చున్నారు. వదిలెయ్ తాతయ్యా, ప్లీజ్. నాకు బాగోదు."

ఆయన నా ముఖంలోకి చూశారు. ఆరో తరగతిలో చూసిన చూపే అది. ఎవరు రాశారో ఆయనకి అర్థమైపోయింది. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, "పద" అన్నారు.

వేదిక మీద మూడు కుర్చీలు. కల్నల్ గారు మాట్లాడారు, పైలట్ గారు మాట్లాడారు. తాతయ్య వంతు వచ్చింది. కార్యక్రమం నడిపిస్తున్న అమ్మాయి నేను రాసినవన్నీ గట్టిగా చదివి, "సార్, ఎనిమీ ఎదురుగా ఉన్నప్పుడు మీకు భయం వేయలేదా?" అని మైకు ఇచ్చింది.

ఆయన రెండు చేతులతో మైకు పట్టుకుని లేచి నిలబడ్డారు. నిజం చెప్పేస్తారేమోనని నా భయం. ఆయనకి ఎంత కష్టంగా ఉందో అని కాదు.

"నాతో ఉన్నోళ్ళు చాలా ధైర్యవంతులమ్మా" అన్నారు చివరికి. "వాళ్ళ గురించి చెప్తాను." ఇంటి నుంచి ఉత్తరం వస్తే మూడు రోజులు విప్పకుండా జేబులో దాచుకునే గఢ్వాల్ కుర్రాడి గురించి చెప్పారు. చదువురానివాళ్ళందరికీ ఉత్తరాలు రాసిపెట్టే తమిళ సిపాయి గురించి చెప్పారు. తన మనుషులందరూ తినేదాకా ముద్ద ముట్టని హవల్దారు గురించి చెప్పారు. "వాళ్ళల్లో కొందరు తిరిగి రాలేదు. నేనొచ్చాను. అంతేనమ్మా" అని కూర్చున్నారు.

హాలంతా లేచి నిలబడింది. ఆయన ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. నేను ఇది చేశాను అని ఒక్కసారి కూడా అనలేదు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. నేనూ అందరితోపాటు లేచి చప్పట్లు కొట్టాను.

తర్వాత క్యాంటీన్‌లో భోజనం. తాతయ్య పళ్ళెం పట్టుకోకుండా నేరుగా వడ్డించేవాళ్ళ దగ్గరికి వెళ్ళారు. అద్దం వెనక పెద్ద పెద్ద డేగిసాలు కనబడుతున్నాయి. అక్కడున్న వంట మేస్త్రీని "ఎంతమందికి వండుతారయ్యా రోజూ?" అని అడిగారు.

"రెండు వేలమందికి సార్."

"రెండు వేలా! గ్యాసా, స్టీమా?"

"అన్నం స్టీమ్ మీద సార్. మీకెందుకు సార్ ఇవన్నీ?" అని నవ్వాడు ఆ మేస్త్రీ. అతని చూపు తాతయ్య కోటు మీదికి వెళ్ళింది. పతకాల కింద హెచ్.ఆర్. వాళ్ళు గుచ్చిన రిబ్బన్ పువ్వు, దాని మధ్యలో 'వార్ హీరో' అని అక్షరాలు.

తాతయ్య నోరు తెరిచారు. ఏదో చెప్పబోయారు. తల దించి ఆ పువ్వు చూసుకున్నారు. "ఊరికే అడిగాను. బాగుంది" అని వెనక్కి వచ్చేశారు. ఆయన ఆ రోజు సరిగ్గా తినలేదు.

బయటికి వస్తుంటే గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్ తాతయ్యని చూసి అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టాడు. అతనూ మాజీ సైనికుడే. "జై హింద్ సాబ్. ఏ ట్రేడ్ల చేసిండ్రు?" అని అడిగాడు.

తాతయ్య చుట్టూ చూశారు. గేటు దగ్గర మేము ముగ్గురమే ఉన్నాం. ఆయన ముఖం విచ్చుకుంది. "లాంగ్రీని" అన్నారు.

"అరె, లాంగ్రీ సాబా!" అని అతను రెండు చేతులూ పట్టుకున్నాడు. "మా లాంగ్రీ సాబ్ యాదికొచ్చిండు. మంచుల గూడ వేడివేడి పూరీలు పెడుతుండె సాబ్. మా అమ్మ గూడ గంత మంచిగ పెట్టలే."

పొద్దుటి నుంచి ఆయన నవ్వింది అప్పుడే. అంతలో హెచ్.ఆర్. అమ్మాయి, తాతయ్య మర్చిపోయిన బహుమతి సంచీ పట్టుకుని లాబీలోంచి మా వైపు రావడం కనబడింది. ఇంకో పది అడుగులు వేస్తే ఆ మాటలు వినబడతాయి. నేను తాతయ్య మోచెయ్యి పట్టుకున్నాను.

"తాతయ్యా, క్యాబ్ వచ్చేసింది. పద, పద."

సంచీ అందుకుని, ఆయన్ని రోడ్డు మీదికి తీసుకొచ్చాను. క్యాబ్ రాలేదు. ఇంకా బుక్ కూడా చేయలేదు. ఫ్లైఓవర్ స్తంభం నీడ మా దాకా రావడం లేదు. ఆ ఎండలో కోటు వేసుకుని ఆయన పావుగంట నిలబడ్డారు.

"ఏదమ్మా కారు?"

"వస్తోంది."

కాసేపయ్యాక, "మంచోడు. ఇంకాసేపు మాట్లాడనిచ్చి ఉంటే బాగుండేది" అన్నారు. కారెక్కాక ఒకే మాట అడిగారు. "ఆ బొమ్మ తీసేయమను తల్లీ." సరేనన్నాను. నేను ఎవరినీ అడగలేదు. అది రెండు వారాలు లాబీలోనే ఉంది. రోజూ దాని పక్కనుంచే లిఫ్ట్ ఎక్కాను.

అక్కడితో అయిపోలేదు. ఆ సాయంత్రమే, బొమ్మ పక్కన ఆయన నిలబడ్డ ఫొటోని నేను వాట్సాప్ స్టేటస్‌గా పెట్టాను. రాసిన మాటలన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. గర్వంగా ఉందని పైన ఒక వాక్యం కూడా చేర్చాను.

లింగంపల్లి స్టేషన్‌కి దగ్గర్లో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో ప్రతి నెలా మొదటి ఆదివారం మాజీ సైనికులు కలుసుకునేవారు. తాతయ్య ఒక్క నెల కూడా మానేవారు కాదు. పొద్దున్నే లేచి రవ్వ హల్వా చేసి, పెద్ద టిఫిన్ డబ్బాలో సర్దుకుని బస్సెక్కేవారు. వాళ్ళలో పటాన్‌చెరు వైపు నుంచి వచ్చే ఒక హవల్దారు ఆయనకి బాగా దగ్గర. అవసరానికి ఉంటుందని నా నంబరు కూడా తాతయ్యే ఆయనకి ఇచ్చారు. నా స్టేటస్ ఆయన చూస్తారని నాకు తట్టనేలేదు.

సెప్టెంబరు మొదటి ఆదివారం తాతయ్య హల్వా డబ్బాతో వెళ్ళి, గంటన్నరకే తిరిగొచ్చారు. డబ్బా సగం కూడా ఖాళీ కాలేదు. అక్టోబరులో వెళ్ళలేదు. ఏం తాతయ్యా అంటే మోకాళ్ళ నొప్పులన్నారు. నేను నమ్మాను. నమ్మడం సులువు గనక నమ్మాను. సాయంత్రాలు ఎవరికో ఫోన్ చేసి, చెవి దగ్గర పెట్టుకుని, మాట్లాడకుండానే పెట్టేయడం ఒకటి రెండుసార్లు చూశాను. ఎవరికని అడగలేదు. ఆయన వంట మాత్రం మానలేదు గాని, వండుతూ పాడుకునే హిందీ కూనిరాగాలు ఆగిపోయాయి. ఆ సంగతి కూడా నేను తర్వాతే గుర్తించాను.

డిసెంబరులో ఒక ఉదయం టీ పెట్టి, గ్లాసుల్లో పోయకుండానే వంటింటి గుమ్మంలో కూలబడిపోయారు. ఎదురింటి నర్సు ఆంటీ పరిగెత్తుకొచ్చి ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నారు. ఆసుపత్రికి చేరేలోపే ఆయన వెళ్ళిపోయారు.

పెద్దకర్మ మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేశాం. బంధువులు, ఇరుగుపొరుగు, మా ఆఫీసు వాళ్ళు ఐదారుగురు వచ్చారు. ఆ పటాన్‌చెరు హవల్దారు గారు కూడా వచ్చారు. తాతయ్య ఫొటో ముందు చాలాసేపు నిలబడి, తర్వాత బంతిలో కూర్చున్నారు. అమ్మ ఆయన్ని గుర్తుపట్టి పలకరించింది. నేను అన్నం వడ్డిస్తున్నాను.

"మీ నాయిన బంగారమసొంటోడమ్మా" అన్నారు ఆయన అమ్మతో. "గా ఒక్క ముచ్చట జెయ్యకపోతే బాగుండు."

"ఏ ముచ్చటండీ?" అంది అమ్మ.

"అదేనమ్మా, యుద్ధం జేసిన అని ఆఫీసోళ్ళతోని చెప్పుకున్నడు గదా. ఫోన్ల చూసినం. ఏంది సాబ్ ఇది అని అడిగితే ఆయనే ఒప్పుకున్నడు. చిన్నప్పటిసంది పిల్లకు నేనే గట్ల చెప్పుకుంటొచ్చిన, పిల్ల నిజమనుకుంది, పిల్ల తప్పేం లేదు అన్నడు. నాకు కోపమొచ్చింది. మనతోని ఉన్నోళ్ళు సచ్చిపోయిండ్రు, వాళ్ళ పేరు మీద నువ్వు సప్పట్లు కొట్టించుకున్నవా అన్న. అందరి ముంగట అన్న. ఇగ మళ్ళ రాలే ఆయన."

అమ్మ నా వైపు తిరిగింది. అన్నం గిన్నె నా చేతిలో ఉంది. రెండు వరసల అవతల మా ఆఫీసు వాళ్ళు కూర్చున్నారు. ఆ క్షణంలో చెప్పాల్సింది ఒకే ఒక్క వాక్యం. అది నేను రాశానండీ అని.

"ఇంకొంచెం వేయమంటారా అండీ?" అన్నాను.

ఆయన చాలమ్మా అని చెయ్యి అడ్డం పెట్టారు. నేను పక్క విస్తరి దగ్గరికి జరిగాను.

మర్నాడు పొద్దున అమ్మకి మొత్తం చెప్పాను. అమ్మ వంటింట్లో నిలబడి, ఏ డబ్బాలో ఏముందో వెతుక్కుంటోంది. ఇరవయ్యేళ్ళకి పైగా ఆ వంటిల్లు ఆవిడది కాదు. అంతా విని, "రాసింది నువ్వేనని మా నాన్నకి తెలుసా?" అంది.

"తెలుసు."

అమ్మ స్టూలు మీద కూర్చుంది. "ఆయన గరిటె తిప్పే నన్ను చదివించాడు. మా ఆఫీసులో చేరిన రోజునే చెప్పుకున్నాను, మా నాన్న మిలటరీలో వంట చేసేవాడని. ఎవరూ నవ్వలేదే. నీకెందుకంత నామోషీ అనిపించింది?"

చుట్టూ ఉన్నవాళ్ళు ఇలాంటివాళ్ళు, అలాంటివాళ్ళు అని ఏవేవో కారణాలు చెప్పుకోవచ్చు. కాని మా ఆఫీసులో ఎవరూ నన్ను చిన్నచూపు చూడలేదు. చూసింది నేనే. అదీ నన్ను పెంచిన మనిషిని.

సోమవారం ఆఫీసుకి వెళ్ళి, మా కంపెనీ సన్మానం ఫొటోలు పెట్టిన పేజీలోనే నిజం రాశాను. ఆయన వంటవాడని, యుద్ధం చేయలేదని, అబద్ధం నాదని, ఆయనకి తెలియకుండా రాశానని. గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఏమీ జరగలేదు. పదిమంది దండం బొమ్మ పెట్టారు. ఒకరు ఎంత నిరాడంబరమైన మనిషో అని రాశారు. సరిగా చదివినట్టు లేదు. హెచ్.ఆర్. అమ్మాయి కనబడి, "అయ్యో, ముందే చెప్తే కుక్ అనే వేసేవాళ్ళం కదా అక్కా. అది ఇంకా బాగుండేది, డిఫరెంట్‌గా" అంది.

ఆఫీసులో ఎవరికీ ఏమీ కాని ఆ అబద్ధం వల్లే ఆయన మూడు నెలలు స్నేహితుల ముందుకి వెళ్ళలేకపోయారు.

జనవరి మొదటి ఆదివారం లింగంపల్లి వెళ్ళాను. హాల్లో పాతికమంది దాకా ఉన్నారు. అందరూ పెద్దవాళ్ళే. నేనెవరో చెప్పి, ఒక మాట చెప్పుకుంటానని అధ్యక్షుడిగా ఉన్న పెద్దాయన్ని అడిగాను. నిలబడి చెప్పాను. ఆరో తరగతి నుంచి మొదలుపెట్టి, బొమ్మ, స్టేటస్, పెద్దకర్మ నాడు నోరు మూసుకుని వడ్డించడం, అన్నీ చెప్పాను. "తాతయ్య నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు. నన్ను కాపాడటానికి మీకు మాత్రం ఒక్కటి చెప్పారు" అన్నాను. మధ్యలో రెండుసార్లు ఆగి కళ్ళు తుడుచుకున్నాను. ఎవరూ మంచినీళ్ళు ఇవ్వలేదు, ఊరుకోమనీ అనలేదు. నేను ముగించేదాకా విన్నారు. పటాన్‌చెరు హవల్దారు గారు తలెత్తలేదు.

"సరేనమ్మా, కూర్చో" అన్నారు అధ్యక్షుడు. ఆ తర్వాత వాళ్ళ పనుల్లో పడ్డారు. పెన్షన్ కోసం ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ సంగతి, వేలిముద్రలు అరిగిపోయి మెషీన్‌లో పడకపోవడం, మందుల క్యూలో నిలబడలేకపోవడం. నేను గంటసేపు అక్కడే కూర్చున్నాను. వెళ్ళమని ఎవరూ అనలేదు. ఉండమని కూడా అనలేదు.

అయిపోయాక హవల్దారు గారి వెనకే బస్టాపు దాకా నడిచాను. ఆయన నన్ను చూసి ఆగలేదు. నేను పక్కకి చేరాక, నడుస్తూనే అన్నారు.

"ఆ దినం నీ ముంగటనే చెప్తి గద బిడ్డా. అప్పుడన్న అనకపోతివి."

"అవునండీ. అనలేకపోయాను."

"రెండుసార్లు ఫోన్ జేసిండు మీ తాత. నేను ఎత్తలే." బస్సు వచ్చే వైపు చూస్తూ నిలబడ్డారు. "తప్పు జెయ్యనోన్ని పట్టుకొని నలుగుర్ల గంత మాట అన్న. ఇప్పుడు నేను ఎవరికి జెప్పుకోవాలె?"

క్షమించమని అడగాలని నోటి దాకా వచ్చింది. అడిగితే, ఆ బరువు కూడా ఆయన మీదే పెట్టినట్టవుతుందనిపించి ఆగిపోయాను. బస్సు వచ్చింది. రద్దీగా ఉంది. ఎవరో లేచి ఆయనకి సీటు ఇవ్వడం కిటికీలోంచి కనబడింది.

ఫిబ్రవరిలో ల్యాప్‌టాప్ తీసుకుని మళ్ళీ వెళ్ళాను. వేలిముద్ర పడనివాళ్ళకి ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ పంపే పద్ధతి ఉంది. దాన్ని నలుగురికి చేసిపెట్టాను. హవల్దారు గారు ఆ నెల రాలేదు. మార్చిలో వచ్చారు. నన్ను చూసి చిన్నగా తలూపి, వెళ్ళి అవతలి వరసలో కూర్చున్నారు.